కంప్యూటరునకు నాడిపరీక్ష

రాయికల్ ప్రాంతమున బావికడకు పోయిన రైతు మోటారు వేయకముందు స్టార్టరు పెట్టెమీది వోల్టుమీటరు ముల్లును చూచును. మూడు ఫేజులును వచ్చుచున్నవా, ముల్లు 400 దరిదాపున నిలిచినదా యని విచారించిన పిదపనే పచ్చబొత్తాము నొక్కును. ముల్లు 300కు జారినచో మోటారు కాలునని అతనికి ఎవరును చెప్పనక్కరలేదు. వైండింగు కట్టించుటకైన ఖర్చే ఆ పాఠము చెప్పినది. సిరిసిల్లలో సాంచాలు నడుపువారికిని ఈ సంగతి క్రొత్త కాదు. అయితే ఊరి దుకాణములోని కంప్యూటరు విషయమున మనము ఈపాటి విచారణయైనను చేయము. దానికి పైకి కనబడు ముల్లు లేదు. ఆ ముల్లును మనమే పెట్టి చూడవలెను. అది ఎట్లో ఈ ప్రసంగమున మనవి చేసెదము.

కుల, ఆదాయ ధ్రువపత్రముల దరఖాస్తులు, విద్యార్థుల పరీక్షల దరఖాస్తులు, గల్ఫు దేశములకు పోవువారి కాగితములు ఈనాడు చిన్న దుకాణములలోని కంప్యూటర్ల మీదనే సాగుచున్నవి. గడువు చివరిదినమున యంత్రము తనంతట తాను ఆగిపోయినచో నష్టము దుకాణదారునిది మాత్రమే కాదు. మేమెరిగిన యొక దుకాణములో ఇట్లే జరుగుచుండెను. మొదట వైరసు అనిరి. విండోసు మరల వేసిరి. తరువాత ర్యాము మార్చిరి. పిదప మదర్‌బోర్డు చెడినదనిరి. చివరకు మీటరు పెట్టి చూడగా, 12 వోల్టులుండవలసిన పసుపు తీగపై 11.1 మాత్రమే కనబడెను. అరగంటలో తేలవలసిన సంగతికి మూడు వారములు పట్టెను.

గోడ ప్లగ్గు నుండి వచ్చు 230 వోల్టుల కరెంటును కంప్యూటరు నేరుగా వాడుకొనలేదు. మన మెకానిక్కులు ఎస్ఎంపీఎస్ అని పిలుచు ఇనుపపెట్టె ఆ ఏసీని ముందు సుమారు 325 వోల్టుల డీసీగా మార్చి, సెకనుకు వేలకొలది మారులు తెంపుచు కలుపుచు, చిన్న ట్రాన్స్‌ఫార్మరు ద్వారా 12, 5, 3.3 వోల్టులుగా దించి ఇచ్చును. 1995లో ఇంటెల్ సంస్థ ప్రకటించిన ఏటీఎక్స్ పద్ధతిలో తీగల రంగులును హద్దులును ఏర్పడినవి. నలుపు తీగ గ్రౌండు. పసుపు తీగపై 12 వోల్టులు, 11.4 మొదలు 12.6 వరకు ఉండవచ్చును. ఎరుపుపై 5, 4.75 మొదలు 5.25 వరకు. నారింజపై 3.3, 3.14 మొదలు 3.46 వరకు. ఇవన్నియు నూటికి 5 వంతుల హెచ్చుతగ్గులు. ఊదా తీగపై యంత్రము ఆగియున్నపుడును 5 వోల్టులుండవలెను. నీలి తీగ ఋణ 12 వోల్టులది. దానికి నూటికి 10 వంతుల సడలింపు కలదు. కొన్ని క్రొత్త ఎస్ఎంపీఎస్‌లలో తీగలన్నియు నల్లగానే యుండును. అచ్చట రంగును నమ్మక, కనెక్టరులోని స్థానమును పటములో చూచుకొనవలెను.

ఇక కొలుచు విధము. మల్టీమీటరును డీసీ 20 వోల్టుల గుర్తుకు త్రిప్పుడు. మీటరు నల్లకొనను నల్లతీగ రంధ్రమునందును, ఎఱ్ఱకొనను కొలువవలసిన తీగ రంధ్రమునందును ఉంచుడు. పసుపు, నలుపు, నలుపు, ఎరుపు తీగలు గల ఖాళీ కనెక్టరు దొరికినచో ఇది మరింత సుళువు. మీటరు కొన రెండు పిన్నులను ఒక్కసారి తాకరాదు.

పెక్కురు పొరబడునది ఇచ్చటనే. ఎస్ఎంపీఎస్‌ను బయటకు తీసి, పచ్చతీగను నల్లతీగతో కలిపి, ఫ్యాను తిరిగినది గనుక బాగున్నదని తీర్పు చెప్పుదురు. బండి కట్టని ఎద్దు ఎంత బరువు లాగునో ఎట్లు తెలియును? యంత్రమునకు తగిలించియే, ఊరక యున్నపుడొకసారి, పెద్ద పని చేయుచున్నపుడొకసారి కొలువవలెను. 12.1 నుండి 11.9కి దిగుట సహజము. పని హెచ్చగనే 11.4 క్రిందికి జారినచో ఆ ఎస్ఎంపీఎస్ మార్చదగినది. వోల్టు తగ్గినచో యంత్రము ఆగును. హద్దు మించి పెరిగినచో డిస్కు, బోర్డు కాలవచ్చును. కావున హెచ్చు కనబడినచో వెంటనే ఆపవలెను. మీటరునకు అందని అల్లాటలును కొన్ని కలవు. అంకెలు సరిగానుండియు జబ్బు తగ్గనిచో, మంచిదని తెలిసిన వేరొక ఎస్ఎంపీఎస్‌ను పెట్టి చూచుటే మార్గము.

కొన్ని హెచ్చరికలు. ఎస్ఎంపీఎస్ మూత ఎన్నడును విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాతను లోపలి కెపాసిటరులో ప్రాణాంతకమైన కరెంటు కొంతసేపు నిలిచియుండును. కొన్ని పాత పెట్టెలకు వెనుక 115, 230 అని వ్రాసిన ఎఱ్ఱమీట యుండును. సౌదీ అరేబియాలో చాలకాలము 127 వోల్టుల సరఫరాయు నుండెను గనుక, అచ్చటినుండి తెచ్చిన పాతయంత్రమును ఇచ్చట తగిలించుటకు ముందు ఆ మీట 230 వైపున నున్నదో లేదో చూడవలెను. క్యాబినెట్టును ముట్టినపుడు జివ్వుమనినచో ఇంటికి ఎర్తు లేదని గాని, తెగినదని గాని అనుమానింపవలెను. అది ఎస్ఎంపీఎస్ మార్చినంత మాత్రమున పోవునది కాదు. ఎలక్ట్రీషియనును పిలిచి ఎర్తు సరిచేయింపవలెను. వీధిస్తంభముకడ న్యూట్రలు తెగినచో ఇంటిలోనికి 230కి బదులు 400 దరిదాపు వోల్టులు రావచ్చును. దీపములు ఒక్కమారుగా మిక్కిలి వెలిగినచో కొలుచుచు కూర్చుండక మెయిను ఆపుడు.

మల్టీమీటరు వాడుట కష్టమైన విద్య కాదు. స్టార్టరు పెట్టె ముందు నిలిచిన రైతు ప్రతిదినము చేయుచున్నదే ఇది. యంత్రము మొరాయించినపుడు వైరసునో, బోర్డునో తప్పుపట్టకముందు పసుపుతీగ నాడి చూడుడు. అంకె హద్దులో ఉన్నదని తెలిసిన పిదప తక్కిన విచారణ సాగింపవచ్చును.