‘ఏమియు లేదు’ అన్న మాట చాలునా?
(ఆవడి తెలుగువారి సమావేశమున ఒక కుటుంబ వైద్యుడు గావించిన ప్రసంగము)



ఆవడి నుండి సెంట్రలుకు పోవు రైలులో ఎక్స్-రే ఫిలిముల సంచిని ఒడిలో నుంచుకొని కూర్చున్నవారిని మీరందరును చూచియుందురు. వారిలో కొందరికి రక్తపరీక్షలు, స్కానులు అన్నియు సరిగనే యున్నవి. నొప్పి మాత్రము పోలేదు. వైద్యుడు కాగితములు తిరుగవేసి ‘మీకేమియు లేదు’ అనును. ఓదార్పని తలంచి నేనును ఆ మాట ఎన్నియో మార్లంటిని. ఒకనాడొక పెద్దమ్మ, “రేయంతా నిద్ర పట్టదే నాయనా, నేనేమన్నా వేషం వేస్తా ఉండానా?” అని యడిగినది. నా యొద్ద బదులు లేకపోయెను.

1999లో ఇంగ్లండునందు పీటర్ సాల్మన్ మొదలగువారు ఇట్టి రోగులనే విచారించి, వైద్యుల వివరణలు మూడు తీరులని ప్రకటించిరి. మొదటిది బాధనే కాదనుట. రెండవది రోగి చెప్పిన పేరునకెల్ల తలయూచుట. ‘గ్యాసండీ’ యన్నచో ‘ఔను, గ్యాసే’ యని చీటి వ్రాయుట మన ప్రాంతమున మిక్కిలి చలామణి! మూడవది, శరీరమున జరుగుచున్నదేమో తెలియజెప్పి, తప్పు రోగిది కాదని స్పష్టపరచి, అతడు చేయదగిన పనిని చూపుట.

దొంగ వచ్చిపోయిన యింటి కుక్క ఆ పిమ్మట ఆకు రాలినను మొరుగును. మొరుగుట నిజమే; దొంగ మాత్రము లేడు. దెబ్బయో జ్వరమో తగ్గిన పిదప కొందరిలో నరములును మెదడును అట్లే హెచ్చరించుచుండును. నిద్రలేమి, దిగులు దానిని మరింత పెంచును. ఇది కట్టుకథ కాదు. చేయి తీసివేయబడినవారికి ఆ లేని చేతియందే నొప్పి కలుగుట వైద్యులెరిగినదే. మన చెన్నై స్టాన్లీ వైద్య కళాశాలలో చదివిన వి. ఎస్. రామచంద్రన్ 1990 దశకమున, ఉన్న చేతి ప్రతిబింబమును అద్దమున చూపి, కొందరిలో ఆ నొప్పిని తగ్గించెను.

మనకు మరియొక చిక్కు గలదు. ఇంటిలో సలుపు, పోటు, తీపు అని వేర్వేరుగ చెప్పుకొను మనము, వైద్యుని యెదుట ‘వలి’ యను ఒక్క తమిళపు మాటతో ముగింతుము. అట్లు చేయకుడు. ఎప్పుడు వచ్చును, దేనివలన హెచ్చును, చేతితో చూపియైనను చెప్పుడు.

అయితే బరువు తగ్గుట, మలమున రక్తము, విడువని జ్వరము, క్రొత్తగ కాలుసేతులు పట్టుదప్పుట, ఛాతి నొప్పి — వీనియందు ఈ కుక్క కథ చెప్పు వైద్యుని నమ్మవలదు, వెంటనే పరీక్షింపించుకొనుడు.

2024లో ప్రకటితమైన ఇంగ్లండు పరిశోధనయందు, తర్ఫీదు పొందిన కుటుంబ వైద్యులు నాలుగు మార్ల వరకు కూర్చుండి ఇట్లు వివరింపగా, ఏడాది పిదప రోగుల బాధ కొంత తగ్గినది. కొంతయే.

ఆ పెద్దమ్మకు నేను కుక్క కథ చెప్పితిని. “సరే, దాన్ని కట్టేసేదెట్లా?” అనినది. దినమునకు పది నిముషముల నడకతో ప్రారంభించితిమి. నొప్పి పూర్తిగ పోలేదు. నెలకొకమారు వచ్చుచున్నది, రమ్మని నేనే చెప్పితిని.

ఇక మీ ప్రశ్నలడుగవచ్చును.