ఆచార్య వినోబాను చూచిన నాడు
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మహనీయుల దర్శనమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు కోరారు. నేను మహనీయులతో కలిసిమెలిసి తిరిగినవాడను కాను. నా జీవితములో ఒక్క మహాపురుషుని ప్రక్కన మాత్రము రెండు ఫర్లాంగుల దూరము నడిచాను. వారే ఆచార్య వినోబాభావే.

అది 1951వ సంవత్సరము. నాకప్పుడు పదేండ్లు. నల్లగొండ జిల్లాలో ఆనాటి స్థితి నేటి యువకుల ఊహకు అందదు. ఒకవంక సాయుధ పోరాటము, మరొకవంక పోలీసు క్యాంపులు. ప్రొద్దుగూకిన తరువాత చేత దీపము పట్టుకొని వీధిలోనికి రావడానికి పెద్దవారే జంకేవారు. అట్టి రోజులలో శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనము ముగించుకొని వినోబాగారు కాలినడకన మా జిల్లాకు వచ్చారు. ఏప్రిల్ 18వ తేదీన పోచంపల్లిలో భూమిలేని దళిత కుటుంబాలవారు 80 ఎకరాలు కావాలని అడుగగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరాలు ఇస్తామని లేచి నిలిచారు. ఆ వార్త వినోబాగారికంటె ముందే మా ఊరు చేరింది.

వారు వచ్చిననాటి సాయంకాలము మర్రిచెట్టు క్రింద ప్రార్థన జరిగింది. బక్కపలుచని శరీరము, మోకాళ్ళ వరకు ధోవతి, కండ్లద్దాలు. గాలివలె, నీటివలె నేల కూడ అందరిదని వారి బోధ. మా నాయన లేచి రెండెకరాల చెలక ఇస్తానన్నాడు. ఊరంతా చప్పట్లు కొట్టింది. నా ఛాతి ఉప్పొంగిపోయింది.

మరునాడు ఇంకా తెల్లవారకముందే వారు బయలుదేరారు. మా ఇంటి లాంతరు నా చేతికిచ్చి త్రోవ చూపుమన్నారు. వారి నడక నాకు పరుగే అయింది. ఊరి పొలిమేర దాటేసరికి తూర్పు తెల్లబడింది. వారు నా భుజముపై చేయి వేసి, దీపమును చూపి, ఇక తిరిగి వెళ్ళుమని సైగ చేశారు. ఒక్క మాటయినా ఆడలేదు. నేను లాంతరు ఆర్పి ఇంటికి వచ్చాను.

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే నాకు గౌరవమే. కాని మిగిలినది చెప్పక తప్పదు. మా నాయన వ్రాసిన దానపత్రము సందుకపెట్టెలోనే ఉండిపోయింది. రేపు, మాపు అంటూనే ఆయన కాలము చేశాడు. పంపకాలలో ఆ చెలక నా వంతుకు వచ్చింది. సంగతి తెలిసియు పదకొండేండ్లు ఆ నేలపై జొన్నలు పండించుకు తిన్నాను. తుదకు 1974లో పట్టా మార్పించి ఇచ్చాను. అప్పటికి, ఎవరికి ఇస్తామన్నామో ఆ పెద్దమనిషి కన్నుమూశాడు. ఆయన కొడుకు కాగితము అందుకొని, తన తండ్రి బ్రతికినన్నాళ్ళు ఆ గట్టు వెంట నడిచేటప్పుడల్లా ఒక్క క్షణము ఆగేవాడని మాత్రము చెప్పాడు. ఆ మాట నేటికీ నన్ను విడువలేదు.

తెలంగాణలో ఆ 51 రోజుల యాత్రలో వినోబాగారికి సుమారు 12 వేల ఎకరాలు దానముగా లభించాయి. తరువాత దేశమంతటా సుమారు పదమూడేండ్లు నడిచి, 1982లో పౌనారులో దేహము చాలించారు. దేశములో వాగ్దానము చేసిన భూమిలో కొంత పేదలకు చేరనేలేదు. అందులో మా రెండెకరాలు ఇరువదిమూడేండ్లు ఉన్నాయి.

ఈ గ్రంథాలయములో ఇరువది అయిదేండ్లుగా మనము పాటిస్తున్న నియమము ఒకటున్నది. పుస్తకము మనది కాదు. చదివి, గడువులోగా మరొకరికి అందనివ్వాలి. చప్పట్లు కొట్టించుకొన్నవాడు దాత కాడు, అప్పగించినవాడే దాత. అది నేను ఆలస్యముగా నేర్చుకొన్నాను. మీరు వేళకు నేర్చుకొందురు గాక. సెలవు.