మంచినీళ్ల ట్యాంకుకు ఏ స్టీలు?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

మిత్రులారా, ఎవరి వృత్తి గురించి వాళ్లు పది నిమిషాలు చెప్పమన్నారు. నేను ముప్పై ఏళ్లుగా మందుల కంపెనీలకు స్టెయిన్‌లెస్ స్టీలు ప్లేటుతో రియాక్టర్లు, ట్యాంకులు చేయిస్తున్నాను. మన సంఘం బడికి స్టీలు ట్యాంకు పెట్టించబోతోంది కదా, నా పది నిమిషాలూ దానికే ఖర్చు పెడతాను.

స్టెయిన్‌లెస్ అంటే అసలు తుప్పే పట్టదని కాదు. ఇనుములో కనీసం 10.5 శాతం క్రోమియం కలిస్తే, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పైన ఒక పొర కడుతుంది. మందం కొన్ని నానోమీటర్లే. గీత పడినా గాలి తగిలితే మళ్లీ కట్టుకుంటుంది. 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ తుపాకి గొట్టాలు త్వరగా అరిగిపోని ఉక్కు కోసం వెతుకుతూ ఇలాంటి ఉక్కు చేశాడు. అది ముందుగా అన్నం బల్ల మీది కత్తులకు పనికొచ్చింది.

ఆ పొరకు పగవాడు ఉప్పు, అంటే క్లోరైడు. ఒకచోట పొరను ఛేదించి సూదిమొనంత గుంట చేస్తుంది, ఆ గుంట లోపలికే దిగుతుంది. ప్లేటంతా తళతళలాడుతూనే ఉంటుంది, ఓ మూల నీళ్లు కారుతుంటాయి. సముద్రపు గాలి, ఉప్పు బోర్లు ఉన్న మన కాకినాడ వైపు ఇది చిన్న సంగతి కాదు.

మామూలుగా వాడే 304 గ్రేడులో క్రోమియం 18, నికెల్ 8 శాతం. 316లో వీటికి తోడు 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది. గుంటలు పడకుండా కాచేది ముఖ్యంగా అదే. 316ఎల్ అంటే కార్బన్ 0.03 శాతం మించనిది. వెల్డింగ్ వేడికి 450, 850 డిగ్రీల మధ్య కార్బన్ దగ్గర్లోని క్రోమియాన్ని లాగేసుకుంటుంది. అప్పుడు అతుకు పక్కనే ప్లేటు బలహీనపడుతుంది. మందపు ప్లేటు నెమ్మదిగా చల్లారుతుంది కనుక దానికి ఈ బెడద మరీ ఎక్కువ. మందుల కంపెనీలు 316ఎల్ అడిగేది ఊరికే కాదు.

అదైనా సర్వరోగ నివారిణి కాదండోయ్. ఒక కంపెనీవారు 316ఎల్ ట్యాంకును హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగి, ప్లేటు నాసిరకమని మా మీదికి వచ్చారు. ఆ ఆమ్లం వాడేచోట లోపల గాజు పూత ఉన్న రియాక్టర్లు పెట్టుకోవాలి.

ఇక అయస్కాంతం సంగతి. అంటుకోకపోతే మంచి స్టీలు అని గిన్నెల కొట్లో మనందరికీ చెబుతారు. నికెల్ ఖరీదు కనుక దాన్ని తగ్గించి మాంగనీసు, నైట్రోజన్ వేసిన 202 గ్రేడుకూ అయస్కాంతం అంటుకోదు. పైగా వంచిన మూలల దగ్గర అసలైన 304కే కొంచెం అంటుకుంటుంది! ఆ పరీక్ష నమ్మి కొంటే రెండు విధాలా నష్టమే.

కమిటీవారు చూపిన మూడు కొటేషన్లూ చదివాను. అన్నిటికన్నా చవకైనదాంట్లో ‘ఎస్.ఎస్. ట్యాంకు’ అని ఉంది తప్ప గ్రేడు లేదు. నా మాట వింటే 316ఎల్ అని రాయించండి. మిల్లు సర్టిఫికెట్ అడగండి, దాని మీది హీట్ నంబరూ ప్లేటు మీది నంబరూ ఒకటేనా చూడండి. వెల్డింగ్ నల్లమరకలు యాసిడ్ పేస్టుతో తీయించాలి, మామూలు ఇనప బ్రష్షు తగలనివ్వకూడదు. ఆ బ్రష్షు ఇనుప రజను అంటుకుంటే మంచి ప్లేటు మీదా తుప్పు మరకలు లేస్తాయి. బ్లీచింగ్ పౌడరు గుప్పెళ్లతో అడుగున చల్లి వదిలేయడం ఆయాకు ముందే వద్దని చెప్పాలి.

ఖర్చు పెరుగుతుంది, నిజమే. 304తో ఎంత తేడా వస్తే అంతా నా చందాలో కలిపి రాసుకోండి. ట్యాంకు వచ్చే రోజు లోహం పరీక్షించే మిషను నేనే తెస్తాను. మాలిబ్డినం 2 కన్నా తక్కువ చూపిస్తే లారీ మీంచి దింపనివ్వకండి.