టర్కీలో రెండు నిఖాలు

ఆగ్నేయ టర్కీలోని ఇస్లాహియే అనే పట్టణంలో ఒక రైతు భార్య కోర్టుకెక్కింది. 1976లో ఆమెకు మతాచారం ప్రకారం నిఖా అయింది. పాతికేళ్లకు పైగా కాపురం, ఆరుగురు పిల్లలు. 2002లో భర్త పోయాడు. అతని మీద రావలసిన పింఛను, ఆరోగ్య బీమా తనకూ, చిన్న కూతురికీ ఇప్పించమని ఆమె అడిగింది. కూతురికి ఇచ్చారు, తల్లికి ఇవ్వలేదు. ఊరందరికీ ఆమె ఆ రైతు భార్యే. రిజిస్టరులో మాత్రం అవివాహిత. ఆ వ్యాజ్యం యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానంలో మహాధర్మాసనం దాకా వెళ్లింది. 2010 నవంబరు 2న ఆమె అక్కడా ఓడిపోయింది. పౌర వివాహ నియమం పెట్టింది స్త్రీల రక్షణ కోసమేననీ, ఆ నియమం సంగతి ఆమెకు తెలుసుననీ న్యాయమూర్తులు అన్నారు.

వివాహ చట్టం గురించిన ఈ స్మారకోపన్యాసానికి టర్కీని ఎంచుకోవడానికి ఆ తీర్పే కారణం. జనాభాలో అత్యధికులు ముస్లింలైన దేశాల్లో మత వివాహానికి చట్టబలం పూర్తిగా తీసేసి, పౌర వివాహాన్నే ఏకైక వివాహంగా నిలబెట్టిన వాటిలో టర్కీ ఒకటి. దాదాపు వందేళ్ల అనుభవం ఉంది కాబట్టి అక్కడ ఫలించిందేదో, వికటించిందేదో చూసి తెలుసుకోవచ్చు.

నిఖాలో ప్రభుత్వ జోక్యం 1926 నాటి పౌరస్మృతితో మొదలైందనుకోవడం పొరపాటు. ఒట్టోమన్ల కాలంలోనే ఖాజీ కోర్టు నుంచి ఇజిన్‌నామె అనే అనుమతి పత్రం తెచ్చుకున్న తర్వాత వీధి ఇమాము పెళ్లి జరిపించే పద్ధతి ఉండేది. 1917లో వచ్చిన ఒట్టోమన్ కుటుంబ హక్కుల చట్టం ఇంకో అడుగు వేసింది. పెళ్లి సంగతి ముందుగా ప్రకటించాలి. ఒప్పందం జరిగేటప్పుడు న్యాయాధికారి గానీ ఆయన ప్రతినిధి గానీ దగ్గరుండి రాసి నమోదు చేయాలి. భర్త రెండో పెళ్లి చేసుకుంటే తనకు విడాకులు వచ్చేలా వధువు షరతు రాయించుకోవచ్చు. మతధర్మం లోపల నిలబడే చేసిన సంస్కరణ అది. రెండేళ్లు తిరక్కుండానే, 1919లో ఇస్తాంబుల్‌లో దాన్ని రద్దు చేశారు. చిత్రంగా, లెబనాన్‌లోని సున్నీ ముస్లింలకు అది నేటికీ ఆధారం. ఆ దారినే ఇంకా నడిచి ఉంటే టర్కీ ఇప్పుడెలా ఉండేదో అన్న ప్రశ్న మనసులోంచి పోదు.

ఆ మార్పుల కాలానికి మన హైదరాబాదుతోనూ ఒక ముడి ఉంది. ఇక్కడ నీలోఫర్ ఆసుపత్రి పేరు వినని ఇల్లు ఉండదు. ఆ పేరుగల రాకుమారి, చివరి ఖలీఫా కుమార్తె దుర్రు షెవార్ ఇద్దరూ ఒట్టోమన్ రాజవంశం ఆడపడుచులు. 1924లో ఖిలాఫత్ రద్దు కాగానే ఆ వంశం దేశం వదలవలసి వచ్చింది. 1931లో ఫ్రాన్సులోని నీస్ నగరంలో వారిద్దరికీ ఏడవ నిజాం కుమారులతో పెళ్లిళ్లయ్యాయి. వారు కన్నదేశం విడిచిన రెండేళ్లకే అక్కడ పెళ్లి చేసే అధికారం ఇమాము చేతిలోంచి పురపాలక సంఘం చేతికి వెళ్లింది.

1926 ఫిబ్రవరి 17న టర్కీ పార్లమెంటు స్విట్జర్లాండ్ పౌరస్మృతిని దాదాపు యథాతథంగా ఆమోదించింది. అక్టోబరు 4 నుంచి అది అమలైంది. స్విట్జర్లాండ్‌లోనే న్యాయశాస్త్రం చదివిన మహ్మూద్ ఎసాత్ అప్పటి న్యాయమంత్రి. బహుభార్యాత్వం నిషిద్ధమైంది. భర్త ఏకపక్షంగా చెప్పే తలాఖ్ చెల్లకుండా పోయింది. వధూవరుల మతాలు వేరైనా చట్టం అడ్డు చెప్పదు. ఆ కాలానికి ఇవి సామాన్యమైన విజయాలు కావు. కోట్లమంది స్త్రీలకు వీటివల్ల మేలు జరిగింది.

అసలు పౌర వివాహం తంతు చూస్తే నిఖాకు ఎంత దగ్గరగా ఉంటుందో తెలుస్తుంది. పట్టణంలో పురపాలక సంఘం వివాహాధికారి, పల్లెలో ముహ్తార్ అనే గ్రామపెద్ద పెళ్లి జరిపిస్తారు. ముందు గుర్తింపు పత్రాలు, ఫొటోలు, వైద్య నివేదిక ఇచ్చి దరఖాస్తు చేయాలి. వైద్యపరీక్ష నియమం 1930 నాటి ప్రజారోగ్య చట్టంలోనిది. ఇప్పుడు థలసీమియా పరీక్ష కూడా అందులో చేరింది. పెళ్లి రోజున ఇద్దరు సాక్షుల ఎదుట అధికారి వధువును ఒకసారి, వరుణ్ణి ఒకసారి ఇష్టమేనా అని అడుగుతాడు. ఇద్దరూ ఔనంటే పెళ్లయినట్టే. సంతకాలవుతుండగా ఒకరి కాలు ఒకరు తొక్కడం అక్కడి వేడుక. ముందు తొక్కినవారిదే ఇంట్లో పైచేయి అంటారు. తర్వాత పెళ్లికి అధికారిక రుజువైన కుటుంబ పుస్తకం చేతికిస్తారు. అడగడం, ఒప్పుకోవడం, సాక్షులు నిఖాలోనూ ఉన్నవే. పౌర వివాహంలో లేనివి వరుడు వధువుకు ఇచ్చే మెహర్, ప్రార్థన.

అయినా పల్లెల్లో, ముఖ్యంగా తూర్పు ప్రాంతాల్లో, లక్షలాది మందికి ఇమాము చదివినదే పెళ్లి. పిల్లకు వయసు చాలకపోయినా, మగవాడికి అప్పటికే భార్య ఉన్నా, కచేరీ దూరమైనా ఇమాము నిఖాతోనే సరిపెట్టుకునేవారు. రెండో భార్యను కుమా అంటారు. ఆస్తిలో ఆమెకు వాటా లేదు. చట్టబద్ధమైన భార్యకైతే పిల్లలున్నప్పుడు నాలుగో వంతు దక్కుతుంది. ఇక పిల్లల సంగతి. తండ్రి పేరు లేకుండా పెరుగుతున్న వారి సంఖ్య చూసి ప్రభుత్వమే దిగిరావలసి వచ్చింది. 1933 మొదలు 1991 దాకా మళ్లీ మళ్లీ ప్రత్యేక చట్టాలు చేసి అలాంటి పిల్లలను తండ్రుల పేరిట నమోదు చేశారు. వయసు నియమమూ నిలవలేదు. 1926లో అబ్బాయికి 18, అమ్మాయికి 17 అన్నదాన్ని 1938లో 17, 15కు తగ్గించారు. 2002లో అమల్లోకి వచ్చిన కొత్త పౌరస్మృతి ఇద్దరికీ 17 నిండాలంది. తప్పనిసరైతే 16 నిండినవారికి న్యాయమూర్తి అనుమతించవచ్చు.

ఒప్పించలేనిచోట శిక్షను నమ్ముకున్నారు. కుటుంబ పుస్తకం చూడకుండా మతపరమైన తంతు జరపకూడదని పౌరస్మృతి 143వ అధికరణం. జరిపితే ఇమాముకు, జంటకు రెండు నుంచి ఆరు నెలల జైలని శిక్షాస్మృతి. 2015 మేలో రాజ్యాంగ న్యాయస్థానం ఆ జైలుశిక్షను కొట్టేసింది. ఏ తంతూ లేకుండా కలిసి బతికేవారికి లేని శిక్ష దేవుడి పేరు తలచుకున్నవారికి ఎందుకన్నది ప్రధానమైన వాదన. బాల్యవివాహాలకు, కుమా సంబంధాలకు ఉన్న కాస్త అడ్డూ తొలగిపోతుందని స్త్రీల సంఘాలు ఆందోళన పడ్డాయి. రెండు వైపులా బలమున్న వ్యవహారమిది. ఆ శిక్ష ఎప్పుడూ సరిగా అమలు కాలేదు. అమలైన చోట కూడా పుస్తకంలేని భార్యకు పుస్తకం తెచ్చిపెట్టలేదు.

2017 చివర్లో ఇంకో మలుపు. ప్రాంతీయ ముఫ్తీలకు పౌర వివాహం జరిపే అధికారమిచ్చారు. లౌకిక రాజ్యానికి ఇది గొడ్డలిపెట్టని విమర్శకులు వీధుల్లోకి వచ్చారు. కానీ అక్కడ ముఫ్తీ ప్రభుత్వోద్యోగి. ఆయన రాసేదీ అదే రిజిస్టరులో. వయసు, సాక్షులు, వైద్య నివేదిక నియమాలన్నీ ఆయనకూ వర్తిస్తాయి. జనం నమ్మే మనిషి చేతికి రిజిస్టరు ఇవ్వడంలో తప్పు లేదు. వయసు దగ్గర ఒక్క రోజైనా మినహాయింపు ఇస్తే మాత్రం అది సహించరానిది. స్త్రీల సంఘాలు భయపడ్డదీ అందుకే, ఆ భయం న్యాయమైనది.

ట్యునీషియా వేరే దారి తొక్కింది. 1956 కుటుంబ స్మృతితో బహుభార్యాత్వం రద్దు చేసి, పెళ్లిని ఇద్దరు నోటరీలు గానీ పౌర అధికారి గానీ జరిపేలా చేసింది. ముస్లిం స్త్రీ ముస్లిమేతరుణ్ణి పెళ్లాడరాదన్న 1973 నాటి ఉత్తర్వును 2017లో ఎత్తేసింది. లెబనాన్‌లో పౌర వివాహానికి చట్టమే లేదు. కావలసినవారు సైప్రస్‌కు వెళ్లి చేసుకువస్తే దాన్ని గుర్తిస్తారు.

మన దగ్గర ఖాజీ నిఖా వివరాలను సియాహా అనే పత్రంలో రాస్తాడు, దాని ఆధారంగా వక్ఫ్ బోర్డు ధ్రువపత్రం ఇస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లోనే వివాహాల నిర్బంధ నమోదు చట్టం చేసింది. 2006లో సుప్రీంకోర్టు అన్ని మతాల పెళ్లిళ్లూ నమోదు కావాలంది. ఒక్క తేడా కీలకం. ఇక్కడ నమోదు కానంత మాత్రాన పెళ్లి చెల్లకుండా పోదు. ఇస్లాహియే వితంతువు హైదరాబాదులో ఉండి ఉంటే నిఖా జరిగిన సాక్ష్యం చూపి భార్యగా నిలబడగలిగేది. పింఛను, పరిహారం వంటి వాటి వరకైనా టర్కీ ఈ వెసులుబాటు ఇచ్చి తీరాలి.

ఈ లోపు సమస్య కొత్త వాకిట్లోకి వచ్చింది. 2011 తర్వాత యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన సిరియా స్త్రీలు ఎందరో టర్కీలో ఇమాము నిఖాతోనే కాపురం పెట్టారు. కొందరు అప్పటికే పెళ్లయిన మగవాళ్లకు రెండో భార్యలయ్యారు. పౌర వివాహానికి తాము అవివాహితలమని స్వదేశం నుంచి పత్రం తేవాలి. యుద్ధంలో కచేరీలు మూతపడ్డ ఊళ్ల నుంచి ఆ పత్రం తేవడం చాలామందికి సాధ్యం కాలేదు. వారి పిల్లల్లో కొందరికి తండ్రి పేరుతో జనన నమోదే లేదు. 1933లో చేసినట్టు ఆ పిల్లలను ముందు నమోదు చేయడం, తల్లుల దగ్గర పత్రం లేకపోతే ప్రమాణపత్రం తీసుకుని పెళ్లి రాయడం టర్కీ ప్రభుత్వం వెంటనే చేపట్టవలసిన పనులు.