మహమ్మారి కాలంలో సముద్ర పరిశోధన – మత్స్యకారుల భాగస్వామ్యం



బస్తర్‌కు సముద్రతీరం లేదు. అయినా జగదల్‌పూర్ మీదుగా పారి, చిత్రకోట్ వద్ద జలపాతమై దూకే ఇంద్రావతి గోదావరిలో కలుస్తుంది. ఆ నీరు చివరకు బంగాళాఖాతం చేరుతుంది. కనుక సముద్ర పరిశోధన బస్తర్ విద్యార్థులకూ సంబంధించినదే.

ఈ పరిశోధన శాస్త్రవేత్తలు మాత్రమే చేసేది కాదు. వల వేసేవారు, చేపలు అమ్మే మహిళలు, మత్స్యశాఖ సిబ్బంది, వీరంతా ఇందులో భాగస్వాములే. ఒక ఉదాహరణ చూద్దాం. 1999లో హైదరాబాద్‌లో ఏర్పడిన ఇన్‌కాయిస్ సంస్థ, ఉపగ్రహాలు కొలిచిన సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతను, నీటి రంగును పరిశీలిస్తుంది. చేపలకు మూలాహారమైన సూక్ష్మ వృక్షజాతి ఎక్కడ పెరిగిందో నీటి రంగును బట్టి తెలుస్తుంది. దాని ఆధారంగా చేపలు దొరికే అవకాశమున్న ప్రాంతాలను మత్స్యకారులకు తెలియజేస్తారు. అయితే అక్కడ నిజంగా చేపలు పడ్డాయా? ఆ సంగతి ఉపగ్రహం చెప్పలేదు, వేటకు వెళ్లినవారే చెప్పాలి.

ఇక 2020 సంవత్సరాన్ని గుర్తు చేసుకుందాం. మార్చి 25న కోవిడ్ లాక్‌డౌన్ మొదలైంది. ఉత్తరాంధ్ర నుంచి గుజరాత్‌కు వలస వెళ్లిన వేలాది మత్స్యకారులు వెరావల్ రేవులో పడవల మీదే చిక్కుకుపోయారు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి ఏటా ఉండే వేట నిషేధం కూడా వచ్చిపడింది. ప్రపంచవ్యాప్తంగా అనేక పరిశోధన నౌకలు రేవులకు తిరిగివచ్చాయి. కానీ ఆర్గో తేలియాడే పరికరాలు తమంతట తామే 2,000 మీటర్ల లోతు వరకు దిగి, ఉష్ణోగ్రతను, లవణీయతను కొలిచి పంపుతూనే ఉన్నాయి. అంటే కొలతలు కొంతవరకు సాగాయి. ఆగిపోయింది శాస్త్రవేత్తకూ మత్స్యకారుడికీ మధ్య రేవులో ముఖాముఖి జరిగే సంభాషణ.

దీనివల్ల వచ్చే నష్టమేమిటి? కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ అంచనా ప్రకారం దేశంలో సముద్ర చేపల దిగుబడి 2019లో 35.6 లక్షల టన్నులు, 2020లో 27.3 లక్షల టన్నులు. ఈ అంకెలు మాత్రమే చూసినవారు సముద్రంలో చేపలు తగ్గిపోయాయని పొరబడవచ్చు. పడవలు ఎన్ని రోజులు కదలలేదు, ఐసు దొరికిందా, కొనేవారు వచ్చారా అన్నవి తెలిస్తేనే ఆ అంకెలకు అర్థం తెలుస్తుంది. అర్థం తప్పితే, దానిపై ఆధారపడి చేసే వేట నిబంధనలూ తప్పుతాయి. ఆ భారం మత్స్యకార కుటుంబాలపై పడుతుంది.

ఫోనులో అడగవచ్చు కదా అంటారేమో. అడగవచ్చు. కానీ ఫోను లేనివారి మాట, ముఖ్యంగా బుట్ట నెత్తిన పెట్టుకొని చేపలు అమ్మే మహిళల మాట, అందులో వినపడదు. ముందే పరిచయం, నమ్మకం ఉన్నచోటనే ఫోను ఉపయోగపడుతుంది. అందుచేత ఈ సంబంధాలను ఆపద రాకముందే ఏర్పరచుకోవాలి.

మీకొక పని. మీ దగ్గరి నదిలో చేపలు పట్టేవారిని కలవండి. ఏ నెలలో ఏ చేప పడుతుందో, గతంతో పోలిస్తే ఏం మారిందో అడిగి, తేదీతో సహా రాసుకోండి. మీరు రాసినది వారికి చదివి వినిపించి, తప్పులుంటే సరిదిద్దమనండి.