పసిపిల్లలకు పరదేశముల పరిచయము



ఐదారేండ్ల పిల్లలకు లోకమందలి నానాజాతుల ఆచారవ్యవహారములను నేర్పవలెనా, వలదా యనునది నేటి నా ప్రసంగమునకు విషయము కాదు. నేర్పవలెనని యెల్లరు నంగీకరించినారు. అనేక పాఠశాలలలో ఏడాదికొకనాడు అందులకై యొక యుత్సవము కూడ జరుగుచున్నది. ఒక బాలికకు పూలు వ్రాసిన పట్టుగౌను తొడిగి, చేత విసనకఱ్ఱ నుంచి, జపాను దేశపు పిల్ల యందురు. ఒక బాలునికి దూదిబొంతతో అంగీ కుట్టి ఎస్కిమో యందురు. మఱియొకని మొగమునకు నల్లరంగు పులిమి, నడుమునకు ఆకులు చుట్టి, చేతికి కఱ్ఱబల్లెమిచ్చి, ఆఫ్రికావాడందురు. తల్లిదండ్రులు చప్పట్లు కొట్టుదురు. ఛాయాచిత్రములు తీయుదురు. ఇంటికి పోయిన పిదప మొగమునకు పూసిన రంగును సబ్బుతో కడుగుదురు. ఆ వేషమును చూచిన నూరుమంది పిల్లల మనసులకంటిన రంగును కడుగువారెవరు? నా విచారమంతయు ఆ ప్రశ్నను గూర్చియే.

ఆఫ్రికా యొక దేశము కాదు, ఖండము. అందు 54 స్వతంత్ర రాజ్యములు కలవు. మాటలాడు భాషలు వేయికి మించినవి. కైరో, లాగోసు, నైరోబీ వంటి మహానగరములలో పిల్లలు మన పిల్లలవలెనే బట్టలు తొడుగుకొని, సంచి వీపున వేసికొని బడికి పోవుచున్నారు. ఆకులు చుట్టుకొన్న వేషము ఏ రాజ్యమునకు చెందినది? వేషము కట్టించిన ఉపాధ్యాయుని నడిగినచో ఆయనయు చెప్పలేడు.

మంచుయింటి కథయు నిట్టిదే. “ఎస్కిమోలు మంచుయిండ్లలో నివసింతురు” అని మనమెల్లరము చిన్ననాడు వల్లించినాము. ఆ పేరు పరులు పెట్టినది; దానిని వారిలో ననేకులు మెచ్చరు. కెనడా, గ్రీన్లాండు దేశముల వారు తమను ఇన్యూయిట్ అని చెప్పుకొందురు. వారి భాషలో ఆ మాటకు ‘మనుష్యులు’ అని యర్థము. ఇగ్లూ యనగా మంచుయిల్లే కాదు, ఏ యిల్లైనను ఇగ్లూయే. మంచుదిమ్మెలతో గుమ్మటముగా కట్టు యిల్లు వారిలో కొన్ని తెగలవారు చలికాలమున, ముఖ్యముగా వేటకు పోయినప్పుడు, నిర్మించుకొనెడిది. గాలి కోతకు గట్టిపడిన మంచును కత్తితో దిమ్మెలుగా కోసి, చుట్టుగా పేర్చి, కొద్దిసేపటిలో కట్టు ఆ నేర్పు మెచ్చదగినదే. కాని నేడు వారు కొయ్యయిండ్లలో నున్నారు. 1999లో కెనడాలో నునావుట్ అను పేర వారికి ప్రత్యేక పాలనా ప్రాంతమే యేర్పడినది. మన పిల్లలు మాత్రము వారిని నేటికిని మంచుగుమ్మటములలోనే కూర్చుండబెట్టుచున్నారు. హిందూదేశస్థులందరు ఏనుగులెక్కి తిరుగుచు, పాములనాడించుచుందురని ఒక విదేశీయుడు చెప్పినచో మనకు కోపము వచ్చును గదా!

అట్లైన నెట్లు నేర్పవలెను? నేను పలువత్సరములు చిన్నతరగతులకు చెప్పినవాడను. నా పద్ధతి దూరమునుండి దగ్గరకు వచ్చునది కాదు, వంటయింటినుండి బయలుదేరునది.

పిల్లవానిని మీ యింటి పోపులపెట్టె తెమ్మనుడు. అందులోని మిరపకాయ అమెరికా ఖండములో పుట్టినది. 1492లో కొలంబసు ఆ తీరమును చేరిన తరువాతనే అది సముద్రములు దాటినది. మన దేశమునకు పోర్చుగీసువారు తెచ్చినారు. అంతకు పూర్వము మన పెద్దలు కారమునకు మిరియమును వాడిరి. గుంటూరు సీమ పిల్లవానికి ఈ సంగతి చెప్పినప్పుడు వాని మొగమును చూడవలెను! నమ్మడు. ఇంటికి పోయి అమ్మమ్మ నడుగును. ఆమెయు నమ్మదు. ఆ వాదులాట ముగియునప్పటికి పోర్చుగలు, అమెరికా యను రెండు పేర్లు ఆ యింట నిలిచిపోవును. వేరుసెనగ, బొప్పాయి, జీడిమామిడి, జామ, బంగాళాదుంప — ఇవన్నియు ఆ ఖండమునుండి వచ్చిన చుట్టములే. చింతపండు కథ యింకను వింతయైనది. చింతచెట్టు పుట్టిల్లు ఆఫ్రికా. అయినను అరబ్బులు దానిని ‘తమర్ హింద్’, అనగా హిందూదేశపు ఖర్జూరము, అని పిలిచినారు. ఇంగ్లీషువారి పేరు దానినుండియే వచ్చినది. ఒకరి చెట్టునకు మఱియొకరి పేరు!

మాటలును అట్లే వచ్చినవి. కుర్చీ అరబ్బీనుండి, కాగితము పారసీకమునుండి, అలమార, మేజా పోర్చుగీసునుండి, రిక్షా జపానునుండి వచ్చినవి. తేయాకులోని ‘తే’ చీనా మాట. తరగతి గదిలోని వస్తువులను పిల్లలచే ఒక్కొక్కటిగా తాకించి, ఇది యెవరి యింటినుండి వచ్చెనో చెప్పినచో, పటము తెఱవకయే సగము లోకము తిరిగినట్లగును.

ఇక ఆటలు. మన ఆడపిల్లలు వామనగుంటలాడుదురు. ఒక్కొక్క వైపున ఏడు చొప్పున పదునాలుగు గుంటలు. చింతగింజలో గవ్వలో ఒక గుంటనుండి తీసి, తరువాతి గుంటలలో ఒక్కొక్కటిగా వేయుచు పోవుట. ఈ యాట మనదే యని యనుకొందుము. మలయా దేశమున దీనిని చోంకాక్ అందురు, ఫిలిప్పీన్సులో సుంగ్కా. పశ్చిమాఫ్రికాలోని ఘానాలో ఓవారే యందురు. అచ్చట వైపునకు ఆరు గుంటలు, గుంటకు నాలుగు గింజలు, మొత్తము 48. తూర్పుతీరమున జాంజిబారు ప్రాంతమున ఆడు ‘బావో’కు నాలుగు వరుసలు, వరుసకు ఎనిమిది గుంటలు, 64 గింజలు. లెక్కలలో పండితులైన పెద్దలు కూడ దానిలో తడబడుదురు.

ఒక సంవత్సరము నేను తరగతి బయట చెట్టునీడను ఘానావారి పద్ధతిని గుంటలు త్రవ్వించి, వారి నియమముతో పిల్లలచే ఆడించితిని. మొదట మన పద్ధతియే మేలని పేచీ పెట్టిరి. నాలుగు దినములైన పిదప ఒక బాలిక, “మేష్టారూ, వాళ్ల ఆటలో ఎదుటివాళ్ల గుంటలన్నీ ఖాళీ అయితే వాళ్లకు గింజలు అందేలాగ వేయాలటండీ. మనకు ఆ నియమం లేదేమండీ?” అని యడిగెను. నల్లరంగు పులిమిన వేషమును చూచి యే బిడ్డయు ఇట్టి ప్రశ్న నడుగదు. తాను కూర్చుండి ఆడినది గాన, ఆ నియమము చేసిన వారు తనవంటి బుద్ధిమంతులని ఆ పిల్లకు నేను చెప్పవలసిన పని లేకపోయెను.

ఆ తరగతిలోనే ఒడిస్సానుండి ఇటుకబట్టీల పనికి వచ్చిన కుటుంబపు పిల్ల యొకతె యుండెను. తెలుగు రాదు, మూల కూర్చుండెడిది. గింజలు పంచునప్పుడు చింతకు మీ భాషలో నేమందురని సైగలతో అడిగితిని. “తెంతులి” అనెను. స్వాహిలీ భాషలో ఉక్వాజు అందురని నేను చెప్పితిని. ఆ దినమునుండి మా తరగతిలో గింజకు మూడు పేర్లు. శ్రోతలారా, జపానును గూర్చి పాఠము చెప్పుచు, ఆ మూల కూర్చున్న పిల్లను పలుకరింపని ఉపాధ్యాయుడు ఏ సంస్కృతిని నేర్పుచున్నాడు? మన తరగతులలో ఉర్దూ మాటలాడు బిడ్డలున్నారు. గోండు, కోయ, చెంచు బిడ్డలున్నారు. లోకము అచ్చటనే మొదలిడుచున్నది.

పిల్లలు నవ్వుదురు. ఇది తప్పదు. చీనావారు రెండు పుల్లలతో తిందురన్నచో నవ్వుదురు. కోపపడకుడు. చెరియొక జత వెదురుపుల్లలిచ్చి, పళ్లెములో వేయించిన సెనగలు పోయుడు. నవ్వు ఆగిపోవును, నేర్పు మొదలగును. కొందఱు పిల్లలు “ఛీ” యందురు, ముఖ్యముగా మాంసాహారమును గూర్చి. అప్పుడు మాత్రము నేను ఒక మాట చెప్పుదును: మనము పులియబెట్టిన పిండితో వంటలు చేసికొందుము, ఉగాదినాడు వేపపువ్వు తిందుము, ఎరుగనివాడు చూచినచో వాడేమనును?

వేపపువ్వు ప్రస్తావన వచ్చినది గాన పండుగలను గూర్చి కొంచెము. మన ఉగాదికి ఇంచుమించు ఆ దినములలోనే, వసంతమున పగలును రేయియు సమమగునాడు, ఇరానువారు నౌరూజు జరుపుకొందురు. వారి భాషలో ‘స’ అక్షరముతో మొదలగు ఏడు వస్తువులను — మొలకలు, వెల్లుల్లి, ఆపిలుపండు మున్నగునవి — బల్లపై అమర్చుదురు. మనకు ఆరు రుచులు. వారికి ఏడు వస్తువులు. యూదులు తమ వసంతపు పండుగనాడు చేదు ఆకులు తిని, ఐగుప్తులో తమ పూర్వులు పడిన దాస్యమును తలచుకొందురు. చేదును పండుగ పళ్లెములో నుంచిన వారము మన మొక్కరమే కామని తెలిసినప్పుడు పిల్లలకు కలుగు ఆశ్చర్యము చూడదగినది.

నాకు మిక్కిలి ఇష్టమైనది బొమ్మల పాఠము. సంక్రాంతికి మన యిండ్లలో బొమ్మలకొలువు పెట్టుదురు గదా. మెట్లు కట్టి, తెల్లగుడ్డ పఱచి, కొండపల్లి బొమ్మలను వరుసగా నిలుపుదురు. పేరంటాండ్రను పిలిచి హారతి యిత్తురు. జపానులో మార్చి 3వ తేదీన హినామాత్సురి యను ఆడపిల్లల పండుగ జరుగును. ఎఱ్ఱగుడ్డ పఱచిన మెట్లపై, అన్నిటికంటె పైన చక్రవర్తి, చక్రవర్తిని. క్రింద ముగ్గురు పరిచారికలు. ఆ క్రింద ఐదుగురు వాద్యగాండ్రు. పండుగ కాగానే బొమ్మలను దాచివేయవలెను. ఆలస్యమైనచో ఆ యింటి పిల్లకు పెండ్లి ఆలస్యమగునని వారి నమ్మకము. మన ముత్తవ్వలు విన్నచో వెంటనే ఒప్పుకొందురు.

ఈ పండుగతో ముడిపడిన ఒక కథను పిల్లలకు తప్పక చెప్పుదును. 1924లో అమెరికా ప్రభుత్వము జపానీయులు తమ దేశమునకు వలస రాకుండ శాసనము చేసెను. ఉభయ దేశములకును మనసులు విఱిగినవి. అప్పుడు చిరకాలము జపానులో నివసించిన సిడ్నీ గ్యూలిక్ అను మతబోధకుడు, పెద్దలు వినకున్న పిల్లలచే చెప్పింతమని, అమెరికా పిల్లలచే జపాను పిల్లలకు బొమ్మలు పంపించెను. జపానులో షిబుసావా ఐచీ యను వృద్ధ వర్తకప్రముఖుడు పూనుకొనెను. 1927లో, హినామాత్సురి నాటికి, 12,000కు పైబడిన బొమ్మలు ఓడలలో పోయి చేరినవి. ఒక్కొక్కదానికి పేరు, అనుమతిపత్రము, చిన్న ఉత్తరము! జపాను బాలికలు లక్షలకొలది తలకొక సేను చొప్పున చందా వేసి, ఆ యేటనే 58 మేలైన బొమ్మలను అమెరికాకు బదులు పంపిరి.

పదునాలుగేండ్లకు, 1941లో, ఆ రెండు దేశములకును యుద్ధము వచ్చెను. ఆ బొమ్మలు శత్రువుల బొమ్మలైనవి. జపాను పాఠశాలలలో వానిని కాల్చిరి, పొడిచిరి, విఱుగగొట్టిరి. పిల్లలచేతనే ఆ పని చేయించిన చోట్లును కలవు. కావున బొమ్మలు పంపినంతమాత్రమున యుద్ధము లాగునని నేను పిల్లలకు చెప్పను, అది యసత్యము. కాని కొందఱు ఉపాధ్యాయులు, మఱికొందఱు, ఆ కాలమునందే, తమకు అపాయమని యెఱిగియు, బొమ్మలను దాచిపెట్టిరి. యుద్ధము ముగిసి పలువత్సరములైన పిదప అవి యొక్కొక్కటియే బయటపడ నారంభించినవి. అట్లు మిగిలినవి నేడు మూడువందలకు పైగా కలవు. ఈ కథ చెప్పునప్పుడు పిల్లలలో సగముమంది కాల్చినవారిపై కోపపడుదురు. తక్కినవారు బొమ్మను ఎచ్చట దాచవచ్చునో ఆలోచింతురు. మా తరగతిలో ఒకడు వడ్లగాదెలో నన్నాడు.

పటము మాట చెప్పి ముగింతును. గోడపటమును ఏడేండ్లలోపు పిల్లలకు చూపకుడు. గుండ్రని భూమిని చదునుచేయుటలో కొలతలు చెడును. అనేక గోడపటములలో గ్రీన్లాండు ఆఫ్రికాయంత కనబడును. నిజమునకు ఆఫ్రికా దానికి సుమారు 14 రెట్లున్నది. గోళము మేలు. గోళము కొనలేని బడిలో మంచి గుండ్రని తియ్యగుమ్మడికాయ తెచ్చి, సున్నముతో ఖండములు గీయుడు. గీయునప్పుడు ఆ గుమ్మడి పుట్టిల్లును అమెరికాయే యని చెప్పుట మఱువకుడు. పాఠమైన పిదప కడిగి వంటకు పంపవచ్చును.