తూనిక తగ్గిన వెండి నాణెము



నా పూర్వశిష్యు డొకడు విదేశమునుండి వచ్చుచు పాత స్పెయిన్ వెండి నాణె మొకటి తెచ్చి చూపెను. అది 17వ శతాబ్దిలో మెక్సికో టంకశాలలో ముద్రించిన ఎనిమిది రెయాలుల నాణెము. శాసనము ననుసరించి 27.47 గ్రాములు, అనగా రెండుంబావు తులములకు పైచిలుకు తూగవలెను. మా యూరి కంసాలి త్రాసులో 22 గ్రాములే తూగెను. "నాయనా, అమ్మినవాడు నిన్ను మోసగించినాడు" అని నేను వెనుకముందు చూడక పలికితిని. నా మాట నమ్మి యతడు వర్తకునకు పరుషముగా లేఖ వ్రాసెను. "ఇది సముద్రమునుండి తీసినదని రసీదులోనే వ్రాసితిని" అని ప్రత్యుత్తరము వచ్చెను. రసీదు చూచితిమి. అట్లే యున్నది. నేను సిగ్గుపడి విషయమును విచారించితిని.

ఆ కాలమున వెండి కడ్డీలను ముక్కలుగా నరికి, కత్తెరతో అంచులు సరిచేసి, సమ్మెటతో ముద్ర వేయుచుండిరి. మార్కు అను 230 గ్రాముల వెండికి 67 రెయాలులని నియమము. మొత్తము సరిపోయినను నాణెమునకు నాణెమునకు కొంత భేద ముండెడిది. అంచులు వంకరగా నుండుటచే దొంగలు కొంచెము కత్తిరించినను తెలియకుండెడిది. అందుచేతనే 1732లో మెక్సికోలో యంత్రముతో గుండ్రని నాణెములు చేసి, అంచున చిత్రపు పని యుంచిరి. అంతకుముందే, 1728లో, మార్కునకు 68 రెయాలులని నియమము మార్చుటచే తూనిక 27.07 గ్రాములైనది. కాబట్టి నాణెము ఏనాటిదో తెలియక ఎంత తూగవలెనో చెప్పరాదు.

చేతులు మారి అరుగుట యొకటి. ఉప్పునీట నుండుట మరియొకటి. సముద్రములో పైవెండి క్రమముగా నల్లని చిట్టెముగా మారును. దానిని శుభ్రము చేసినప్పుడు ఆ భాగము పోయి నాణెము పలుచనగును. మా శిష్యుని నాణెమునకు జరిగిన దిదియే.

మరియొక వింత వినుడు. పొటోసీ టంకశాలలో వెండిలో రాగి మితిమీరి కలిపిరని 1649 ప్రాంతమున బయటపడెను. గోమెజ్ దె లా రోచా అను ధనికునకు 1650లో మరణదండన విధించిరి. అచ్చటి మోసము తూనికలో గాక వన్నెలో నుండెను. నిండుగా తూగినదే దొంగనాణె మైనది. తక్కువ తూగిన మా నాణెము నికరమైన వెండి.

ఈ నాణెములు మన దేశమునకును వచ్చినవే. 19వ శతాబ్ది తొలినాళ్లలో చెన్నపట్టణపు టంకశాలవారు స్పెయిన్ నాణెములమీదనే అరవరహాలు ముద్రించిరి. వానిపై తెలుగక్షరములును గలవు.

కళ్లమున తూచిన ధాన్యము ఆరిన పిమ్మట తగ్గు నని మీరెరుగుదురు. అందుకు కొలగాని నెవ్వరును దొంగ యనరు. నేను మాత్రము కారణ మడుగక ముందే యొక మనుష్యుని దొంగ యంటిని. శిష్యునిచే క్షమాపణ లేఖ వ్రాయించి, క్రింద నేనును చేవ్రాలు చేసితిని. ఇట్టి తగవు మీ రచ్చబండకు వచ్చినపుడు త్రాసుతోబాటు రసీదునుగూడ చూడుడని నా మనవి.